పసిపిల్లల బడికి ఫీజు ఎవరు కట్టాలి?

ఎల్‌.కె.జి.కి మనం వేలకు వేలు పోస్తున్నాం, అంగన్‌వాడీలో మాత్రం అన్నీ ఉచితమేమిటి, ఇవ్వగలిగినవాళ్ళ దగ్గరైనా నెలకో యాభై పుచ్చుకోవచ్చు కదా అని మనలో చాలామంది అంటూంటారు. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కాస్త తరచి చూద్దాం.

అంగన్‌వాడీ పథకం 1975 అక్టోబరు 2న, దేశం మొత్తంమీద 33 బ్లాకులలో మొదలైంది. మూడేళ్ళు నిండిన పిల్లలకు ఆరేళ్ళు వచ్చేదాకా ఆటపాటలతో చదువు, మధ్యాహ్నం అన్నం అక్కడే. మన రెండు తెలుగు రాష్ట్రాలలో పిల్లల తిండి ఖర్చు కేంద్రమూ రాష్ట్రమూ చెరిసగం భరిస్తాయి. మిగతా ఖర్చులలో చాలావాటికి కేంద్రం 60 వంతులు, రాష్ట్రం 40 వంతులు.

ఆ డబ్బు ఎక్కడిదంటారా? అందరిదీను. మీ ఇంట్లో అంట్లు తోమే ఆవిడ కొన్న సబ్బుబిళ్ళమీద కూడా పన్నుంది. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళే దేశాన్ని పోషిస్తున్నారనేది మగవాళ్ళ వీధరుగు కబుర్లలో మాట, మనం పట్టించుకోనక్కర్లేదు.

సరే, ఫీజు పెట్టారనుకోండి. కట్టగలిగినవాళ్ళు చాలామంది పిల్లల్ని ఎప్పుడో కాన్వెంటులో వేసేశారు. మిగిలినవాళ్ళలో ఎవరు కట్టగలరో, ఎవరు లేరో తేల్చడానికి ఆదాయ ధ్రువపత్రం కావాలి. ఆ కాగితంకోసం తిరిగిన రోజున తల్లికి కూలి పోతుంది. ఎందుకొచ్చిన గొడవ అనుకున్న తల్లి ఏం చేస్తుందో మీకు తెలుసు. పెద్దపిల్లను బడి మాన్పించి చంటివాణ్ణి చంకనెత్తిస్తుంది. తమ్ముడి ఫీజు అక్క చదువులోంచి కట్టినట్టే కదండీ!

మరి చట్టం ఏమంటుంది? 2002లో రాజ్యాంగాన్ని సవరించి ఆరు నుంచి పధ్నాలుగేళ్ళవరకు చదువును హక్కు చేశారు. ఆరేళ్ళలోపు వాళ్ళ విషయంలో మాత్రం ప్రభుత్వం ‘ప్రయత్నించాలి’ అన్నారు. 2009 విద్యాహక్కు చట్టంలోనూ వీళ్ళకు ఉచిత విద్య ఏర్పాటు ‘చేయవచ్చు’ అనే ఉంది, చేసి తీరాలని లేదు. ఆ ఒక్క మాటలోనే ఉంది చిక్కంతా.

ఫీజు లేదు గనుక ఎవరి చేతి చమురూ వదలడం లేదనుకోకండి. వదిలేది అక్కడ పనిచేసే టీచరుకు, ఆయాకు. వాళ్ళకిచ్చేదాన్ని జీతమనరు, గౌరవవేతనమంటారు. 2018లో కేంద్రం టీచరు గౌరవవేతనాన్ని నెలకు 3,000 నుంచి 4,500 రూపాయలకు పెంచింది. పైన రాష్ట్రాలు కొంత కలుపుతాయి. మన ఎల్‌.కె.జి. ఫీజు పక్కన పెట్టి చూడండి ఆ అంకెని! వీళ్ళు గ్రాట్యుటీకి అర్హులేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా జీతంకోసం, ఆ గ్రాట్యుటీకోసం ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరునుంచి 2024 జనవరిదాకా 42 రోజులు సమ్మె చేయవలసి వచ్చింది. పిల్లల దగ్గర యాభై వసూలు చేయాలా వద్దా అని ఆలోచించే ముందు, వీళ్ళకు ఇవ్వవలసింది ఇచ్చారా అని అడగండి.