మీకు తెలుసా? రెండు రాజ్యాలకు పుట్టిల్లు లివా

దుబాయిలో ఉన్న 828 మీటర్ల మేడకు అప్పటి అబుదాబి పాలకుడి పేరెందుకు? కట్టినన్నాళ్లూ అది బుర్జ్ దుబాయే. 2010 జనవరి 4న ప్రారంభం రోజున బుర్జ్ ఖలీఫా అయింది. అంతకు మూడు వారాల ముందే, అప్పుల్లో పీకల్లోతు మునిగిన దుబాయికి అబుదాబి వెయ్యి కోట్ల డాలర్లు సర్దింది. పేరు మారింది అందుకేనని లోకం అనుకుంది. అనుకోదూ మరి! కానీ అప్పు సంగతి అలా ఉంచితే, ఈ రెండు ఏలుబడి కుటుంబాలదీ ఒకటే తెగ, బనీ యాస్. ఆ తెగ మూలాలు లివా అనే ఎడారి పల్లెల్లో ఉన్నాయి.

రుబ్ అల్ ఖాలీ ఎడారి అంచున నెలవంకలా వంగి, దాదాపు వంద కిలోమీటర్ల మేర సాగే ఖర్జూర తోటల వరుస లివా. ఇసుక దిబ్బల నడుమ పల్లంలో కాస్త తవ్వితే నీళ్లు. ఎక్కడ నీరుంటే అక్కడ పది చెట్లు, నాలుగు ఈతాకు పాకలు. దిబ్బ కదిలొచ్చి తోటను మింగకుండా దాని నెత్తిన ఎండు మట్టలతో దడి కట్టేవాళ్లు. మగవాళ్లు ఎండాకాలం ముత్యాల వేటకు సముద్రానికి పోయేవారు.

1761లో వేటగాళ్లు జింక వెంటపడి ఒక దీవిలో మంచినీళ్లు కనుక్కున్నారని చెప్పుకుంటారు. ఆ దీవే అబుదాబి, అంటే అరబ్బీలో ‘జింకకు తండ్రి’. 1790ల్లో షేక్ షఖ్‌బూత్ బిన్ దియాబ్ లివా వదిలి ఆ దీవికి మకాం మార్చాడు. 1833లో అదే తెగలోని అల్ బూ ఫలాసా శాఖవాళ్లు, సుమారు 800 మంది, విడిపోయి దుబాయి చేరారు. ఆ వలసను నడిపించిన వారిలో మక్తూమ్ బిన్ బుత్తీ ఒకడు. ఇప్పటి దుబాయి పాలకులది ఆయన వంశమే.

బయటివాళ్లకు మాత్రం లివా చాలాకాలం చెప్పుడు మాటే. 1946 డిసెంబరులో విల్‌ఫ్రెడ్ థెసిజర్ అనే ఇంగ్లీషు బాటసారి ఎడారి దాటి దాని పొలిమేరకు వచ్చాడు. క్రైస్తవుడన్న సంగతి బయటపడుతుందని లోపలికి వెళ్లలేదు. తోడొచ్చిన ఎడారి సంచారులు బెదూయిన్లను తిండికోసం పంపి, ఆకలితో మూడు రోజులు దిబ్బల మాటున పడి ఉన్నాడు. చివరికి వచ్చింది కాసిన్ని గోధుమలు, నాసిరకం ఖర్జూరం. బెదూయిన్లు ఆయనను ‘ముబారక్ బిన్ లండన్’ అని పిలిచేవారు. 1948లో మళ్లీ వచ్చి లివాను కళ్లారా చూశాడు.

ఇప్పుడు అక్కడే జులైలో ఖర్జూరాల పండుగ, గెలల పోటీ. అప్పటికి కాయ రుతబ్ దశలో ఉంటుంది: ఒక కొస పసుపు, మరో కొస మెత్తబడి గోధుమ రంగు. మన భాషలో దోరపండు. మెత్తటి వైపు నుంచి కొరకాలి.