కృంగిన మనసుకు దేవుని చిన్న మందులు

‘ఇక చాలు, నా ప్రాణం తీసుకో’ అని దేవుణ్ణి వేడుకున్నది అవిశ్వాసి కాదు, సాక్షాత్తు ఏలీయా ప్రవక్త! కర్మెలు పర్వతం మీద గొప్ప విజయం చూసిన ఆయనే, యెజెబెలు బెదిరింపుకు భయపడి అరణ్యంలోకి పారిపోయి బదరీ వృక్షం కింద కూలబడ్డాడు. దేవుడు ఆయనను గద్దించలేదు, ప్రసంగమూ చేయలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూతను పంపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. తర్వాత హోరేబు దాకా సుదీర్ఘమైన నడక (1 రాజులు 19:3-8). కొత్త పని అప్పగించింది ఆ తర్వాతే!

మనసు కృంగిన విశ్వాసి వస్తే ‘ఇంకా ప్రార్థించండి’ అని మాత్రమే చెప్పి పంపేసిన రోజులు నాకూ ఉన్నాయి. ప్రార్థన తప్పనిసరే. కాని దేవుడే నిద్రను, రొట్టెను, నడకను వాడుకున్నప్పుడు, అవి ఆత్మీయం కావని తీసిపారేయడానికి మనమెవరం?

మన నెల్లూరు సంఘ చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1840లో శామ్యూల్ డే గారు నెల్లూరులో ఆరంభించిన బాప్టిస్టు సేవకు ఏళ్లు గడిచినా ఫలం అంతంత మాత్రమే. 1853లో అమెరికాలోని ఆల్బనీలో కూడిన మిషనరీ సభలో దాన్ని మూసేద్దామా అన్న చర్చ వచ్చింది. పటంలో ఒంటరి నక్షత్రంలా కనిపించిన నెల్లూరు మీద ఎస్.ఎఫ్. స్మిత్ అనే సేవకుడు ఆ రాత్రే ఒక పద్యం రాశారు. మర్నాడు దాన్ని చదివి వినిపిస్తే నిరాశ తొలగింది, సేవ నిలిచింది. అయిన ఖర్చు ఒక కాగితం, కాస్త సిరా!

1854 జనవరి 1 వేకువన లైమన్ జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు కలిసి ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. 1878 జూలై 3న అదే ప్రాంతంలోని గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ప్రియులారా, ఆ చిన్న మందులు మనకూ అందుబాటులోనే ఉన్నాయి. వేకువనే కాసేపు నడవండి. మైపాడు ఒడ్డు దగ్గరైతే అక్కడ, లేదంటే పెన్న గట్టున, పొలం గట్టున. గొంతెత్తి పాడండి. దావీదు సితారా సౌలుకు నెమ్మదినిచ్చింది (1 సమూ 16:23). ఎలీషా అంతటివాడే ప్రవచించడానికి ముందు వాద్యకారుణ్ణి పిలిపించుకున్నాడు (2 రాజులు 3:15). పాడిన తర్వాత మీ సొంత మాటల్లో దేవునికి నాలుగు పంక్తులు రాయండి.

చేతులకు పని చెప్పండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంతో మన తీరంలో మరపడవలు ఒడ్డెక్కుతాయి. రాబడి లేని ఆ దినాల్లో దిగులు సహజమే. అయినా మత్స్యకార సోదరులు వలలు బాగుచేసుకుంటారు. యాకోబు, యోహానులకు ప్రభువు పిలుపు అందింది వలలు బాగుచేసుకుంటున్నప్పుడే (మత్త 4:21).

దిగులు వారాల తరబడి వదలకపోతే వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అది అవిశ్వాసం కాదు.

మూడుసార్లు బొంకిన పేతురు, రాత్రంతా శ్రమపడినా ఏమీ దొరకక వట్టి వలతో ఉన్నాడు. తెల్లవారేసరికి పునరుత్థానుడైన యేసుప్రభువు ఒడ్డున ఉన్నాడు. పేతురు ఒడ్డుకు చేరేసరికి నిప్పులు, వాటి మీద చేప, పక్కన రొట్టె సిద్ధంగా ఉన్నాయి. ‘నన్ను ప్రేమిస్తున్నావా?’ అన్న ప్రశ్న తర్వాత వచ్చింది, భోజనం పిలుపు ముందు వచ్చింది (యోహాను 21:3-15). ఈ వారం మీ వీధిలో కృంగి కూర్చున్నవారు ఎవరో చూడండి. వారికి ఉపదేశానికి ముందు ఒక ముద్ద అన్నం పెట్టండి. ప్రభువు చేసింది అదే!