మన్రో దొర సమాధి ఉన్న కోట చర్చి

పత్తికొండ, గుత్తి ప్రాంతాల పెద్దలకు మన్రో దొర పేరు కొత్త కాదు. 1800 నుండి 1807 వరకు దత్తమండలాల కలెక్టరుగా ఉండి, 1820లో మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో, 1827 జూలై 6న పర్యటనలో ఉండగా పత్తికొండలో కలరా సోకి మరణించాడు. గుత్తి కోట దిగువన ఖననం చేశారు. కాని ఆయన అస్థికలు అక్కడ లేవన్న సంగతి చాలామందికి తెలియదు. 1831లో వాటిని మద్రాసు తరలించి, సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చిలో మళ్ళీ సమాధి చేశారు.

ఆ చర్చి మన్రో కంటే చాలా పాతది. ఇంగ్లీషువారు 1639లో దామెర్ల నాయకుల వద్ద చెన్నపట్నం నేలను పొందిన తర్వాత సుమారు నలభై ఏళ్ళు వారికి విడిగా గుడి లేదు. గవర్నరు స్ట్రేన్‌షామ్ మాస్టర్ పూనుకొని, కంపెనీ ఖజానా ముట్టుకోకుండా తోటి ఉద్యోగుల వద్ద చందాలు పోగుచేశాడు. 1678 మార్చి 25న, మరియమ్మకు దేవదూత శుభవార్త చెప్పిన పండుగనాడు, పని మొదలైంది. పేరు అందుకే మేరీ చర్చి. 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ జరిగింది. మన దేశంలో నిలిచి ఉన్న ఆంగ్లికన్ చర్చిలలో ఇదే మొదటిది.

కట్టడం చూస్తే చర్చి అనాలో, మందుగుండు కొట్టు అనాలో తోచదు. రూపకర్త కోటలోని ఫిరంగుల అధికారి ఎడ్వర్డ్ ఫౌల్ అంటారు. గోడల మందం నాలుగడుగులు, కప్పు మందం రెండడుగులు. మిద్దెకు దూలాలు లేవు. పీపాను నిలువునా చీల్చి బోర్లించినట్టు ఇటుక, సున్నంతో మూడు కమాను కప్పులు పక్కపక్కన కట్టారు. ఫిరంగి గుండు పడినా జారిపోవాలని, నిప్పు అంటుకోవడానికి కట్టె ఉండకూడదని ఈ ఏర్పాటు. తలుపులు, కిటికీలకు తప్ప కలప వాడలేదు. గోపురం తర్వాత, 1701లో వచ్చింది.

ముందుచూపు వృథా కాలేదు. 1758-59లో ఫ్రెంచి సేనాని లాలీ కోటను ముట్టడించాడు. కోట బయటి పాత శ్మశానంలోని ఎత్తైన సమాధుల చాటున అతని సైనికులు పొంచి కాల్పులు జరిపారు. దానితో ఇంగ్లీషువారు పిమ్మట ఆ సమాధులను కూల్చి, రాతి పలకలను తెచ్చి చర్చి చుట్టూ పరిచారు. చర్చికి వచ్చేవారు నేటికీ వాటి పక్కనుంచే నడుస్తారు. లాటిను, పోర్చుగీసు, అర్మేనియను రాతలున్న పలకలూ వాటిలో ఉన్నాయి. 1652లో చనిపోయిన ఎలిజబెత్ బేకర్ పలక అన్నిటికంటె పాతదని చెబుతారు. చచ్చినవారికి కూడా యుద్ధం విశ్రాంతి ఇవ్వలేదు!

రాబర్ట్ క్లైవు పెళ్ళి 1753లో ఇక్కడే జరిగింది. రైతుకు మాత్రం క్లైవు కంటె మన్రోయే దగ్గరివాడు. జమీందారుతో పనిలేకుండా రైతు పేరనే పట్టా వ్రాసిన రైత్వారీ పద్ధతిని మన మండలాల్లో నడిపింది ఆయనే. అయితే ఆనాటి శిస్తు తేలికేమీ కాదు. రేట్లలో పావు వంతు తగ్గించాలని 1807లో తానే సిఫారసు చేసినా పైవారు ఒప్పుకోలేదు. గవర్నరయ్యాకగాని ఆ తగ్గింపు అమలుకు రాలేదు.

1947 నుండి ఈ చర్చి దక్షిణ ఇండియా సంఘం కింద ఉంది. చెన్నైలో పనిమీద వెళ్ళే మనవారు ఫోర్ట్ రైల్వే స్టేషనులో దిగితే కోట దగ్గరే.