ఆయమ్మకు ఎంతివ్వాలి?

ఒడిశాలో రాయగడ కాగితం మిల్లు క్వార్టర్లలోనో, సునాబెడ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ కాలనీలోనో, దామన్‌జొడి నాల్కో టౌన్‌షిప్పులోనో తెలుగువాళ్లింట పాప పుట్టిందనుకోండి. ఆరు నెలలకు రెండు సంగతులు ఒక్కసారే జరుగుతాయి. 2017లో చట్టం 26 వారాలకు పెంచిన ప్రసూతి సెలవు అయిపోతుంది. పార్వతీపురం నుంచి వచ్చిన అమ్మమ్మ తిరిగి బండెక్కేస్తుంది. పాపను చూసుకోవడానికి ఓ మనిషి దొరికింది సరే, ఎంతివ్వాలి? పక్క క్వార్టరు తలుపు తడతారు. "మేం ఇంతే ఇస్తున్నాం వదినా. మీరు పెంచేస్తే రేపు మా మనిషీ అడుగుతుంది." కాలనీల్లో ఆయమ్మ జీతం ఇలాగే ఖాయమవుతుంది. ఆ లెక్కలో పాప లేదు, ఆయమ్మ లేదు. ఉన్నదల్లా పొరుగింటి భయం.

వేరే చోట మొదలుపెడదాం. 2024లో ఒడిశా ప్రభుత్వం కనీస వేతనాలు పెంచినప్పుడు నైపుణ్యం అక్కర్లేని పనికి రోజుకు 450 రూపాయలు, ఓ మోస్తరు నైపుణ్యం కావలసిన పనికి 500, నైపుణ్యం ఉన్న పనికి 550 అని నిర్ణయించింది. పసిబిడ్డను చూడటం ఇందులో ఏ పని? మనిషిని కుదుర్చుకునేటప్పుడు మనం అడిగేవి గుర్తు చేసుకోండి. సీసా మరగబెట్టడం వచ్చా? ఒళ్లు వెచ్చబడితే కనిపెట్టగలవా? పాలు పొలమారితే ఏం చేస్తావు? ఇన్నీ అడిగి, జీతం మాట వచ్చేసరికి "ఎత్తుకుని కూర్చోవడమేగా" అంటాం. నన్నడిగితే 500కు తగ్గకూడదు.

సరే, అన్నిటికన్నా తక్కువైన 450తోనే లెక్క కడదాం. వారానికో రోజు సెలవిస్తే నెలకు 26 రోజులు, 11,700 రూపాయలు. ఇది రోజుకు ఎనిమిది గంటల లెక్క. మనకు ఆమె కావలసింది ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా. ఆ తొమ్మిదో గంటకు, అదనపు పనికి రెట్టింపు అన్న లెక్కన, రోజుకు మరో 112 రూపాయల 50 పైసలు కలుస్తాయి. మొత్తం 14,625. పాప నిద్రపోయినప్పుడు ఖాళీయేగా అని గంట కోసేయకండి. ఆ గంటలో ఆమె ఉయ్యాల వదిలి వీధి గుమ్మం దాటలేదు. ఇక అంట్లు, ఇల్లు తుడవడం వేరే పనులు. "పాప పడుకున్నాక ఆ నాలుగు గిన్నెలూ" అని మొదలైన మాట రెండో నెలకల్లా ఇంటెడు చాకిరీ అవుతుంది.

ఈ అంకె చూసి ఉలిక్కిపడేవాళ్లు చాలామందే ఉంటారు. "నా జీతంలో సగం ఆయమ్మకే పోతే ఉద్యోగం ఎందుకు?" అని తల్లి అంటుంది. ఆయమ్మ జీతాన్ని తల్లి జీతంలోంచే ఎందుకు తీసేయాలో నాకెప్పుడూ అర్థం కాలేదు. పాప ఇద్దరిదీ కదా? ఇద్దరి సంపాదనా కలిపి చూస్తే ఆ సగం కాస్తా చిన్నదవుతుంది. అప్పటికీ మోయలేకపోతే గంటలు తగ్గించుకోవచ్చు, రెండిళ్ల పాపలను ఒకే మనిషికి అప్పగించి ఖర్చు పంచుకోవచ్చు. అప్పుడు ఆమెకూ కొంత పెంచాలి, ఇద్దరు పసివాళ్లంటే మాటలు కాదు.

బిడ్డను చూడటం కూడా కూలి పనేనని చట్టం ఒకచోట ఒప్పుకుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో, పనికొచ్చిన తల్లుల వెంట చంటిపిల్లలు ఐదుగురో అంతకు మించో ఉంటే, ఆ ఆడవాళ్లలోనే ఒకరికి పిల్లలను అప్పగించి కూలి ఇవ్వాలని రాశారు. చెరువులో మట్టి తవ్విన మనిషీ, చెట్టుకింద పిల్లలను ఆడించిన మనిషీ ఇద్దరూ కూలీలే.

ఈ కొండల్లో జీతంతో పాటు మాట్లాడుకోవలసింది అడ్వాన్సు. కోరాపుట్ జిల్లాలో ఒకప్పుడు అప్పు తీర్చలేని గిరిజనుడు షావుకారు దగ్గర "గోతి"గా పనికి కుదిరేవాడు. వడ్డీ పెరిగేది, పని తరిగేది కాదు. గోపీనాథ్ మొహంతి 1945లో రాసిన "పరజా" నవల ఆ కథే. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నిషేధించిన పద్ధతుల పేర్లలో జీత, పాలేరు, వెట్టి అనే మన మాటలూ ఉన్నాయి. ఆయమ్మ చైత్ర పండగకో, ఇంటి కప్పుకో అప్పు అడిగితే ఇవ్వండి. నెలకు ఎంత పట్టుకుంటారో ముందే రాసి ఆమెకో కాగితం ఇవ్వండి. మధ్యలో మానేస్తానంటే "బాకీ తీర్చి కదులు" అనే హక్కు మాత్రం మనకు లేదు.

"ఊరి నుంచి ఓ చిన్నపిల్లను తెచ్చుకుంటే సరిపోతుంది, తిండీ బట్టా పెడదాం" అనే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచి నేరం. ఇక్కడ బేరమే లేదు.

ఆయమ్మకూ ఇంట్లో ఓ పసివాడు ఉండొచ్చు. 2017 నాటి జాతీయ క్రెష్ పథకం నిబంధనల్లో పేద కుటుంబం కట్టాల్సి వచ్చింది నెలకు 20 రూపాయలే. ఆరు నెలలు నిండిన బిడ్డను తీసుకునేవారు. అయితే ఆ నిబంధనల్లో క్రెష్ తెరిచి ఉంచమన్నది రోజుకు ఏడున్నర గంటలే. మనింట్లో ఆమె పని తొమ్మిది గంటలు, రాకపోకలు అదనం. దగ్గర్లో క్రెష్ ఉన్నా మిగతా వేళ వాడిని ఎత్తుకునేది తొమ్మిదేళ్ల అక్కే కావచ్చు, అదీ బడి ఎగ్గొట్టి. అందుకే కుదుర్చుకునే రోజునే "మీ బాబును ఎవరు చూస్తారు, ఎన్నింటికి తెచ్చుకోవాలి" అని అడగండి. సాయంత్రం నాలుగున్నరకు ఆమెను పంపేసి, ఆ తర్వాతి గంటన్నర తల్లో తండ్రో ఆఫీసులో మాట్లాడి సర్దుకునే వీలుందేమో చూడండి.