బగ్గీకి కొత్త గుండె!

సముద్రపు ఒడ్డు. తలుపుల్లేని, టాపు లేని ఓ బుల్లి కారు ఇసుకని ఎగజిమ్ముకుంటూ దూసుకొస్తోంది. స్టీరింగ్ దగ్గర స్టీవ్ మెక్వీన్. పక్క సీట్లో ఫే డనవే. కారు ఇసుక దిబ్బ ఎక్కుతుంది, అవతలికి దూకుతుంది, అలల అంచున గిర్రున తిరుగుతుంది. చూస్తున్న మనకి కుర్చీలో కూర్చోబుద్ధి కాదు!

1968లో నార్మన్ జ్యూయిసన్ తీసిన ‘ది థామస్ క్రౌన్ ఎఫైర్’లోది ఆ సీను. నేను డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్ గదిలో ఓ ఫ్రెండు కంప్యూటర్ మీద చూశాను. కథ సగం మర్చిపోయాను గానీ, ఆ కారుని మాత్రం మర్చిపోలేదు. అలాంటి కారులోనే ఓ రోజు నా ప్రాణం గొంతులోకి వస్తుందని అప్పుడు ఎలా తెలుస్తుంది చెప్పండి!

తోక లేని పిల్లి

ఆ కారు పేరు మేయర్స్ మ్యాంక్స్. కాలిఫోర్నియాలో పడవలు తయారుచేసే బ్రూస్ మేయర్స్ అనే ఆయన 1964లో మొదటిది తయారుచేశాడు. పడవలకి వాడే ఫైబర్ గ్లాసుతోనే బాడీ పోశాడు. మ్యాంక్స్ అంటే తోక లేని ఓ జాతి పిల్లి. కారు కూడా వెనకవైపు కత్తిరించినట్టు పొట్టిగా వుంటుంది, అందుకని ఆ పేరు!

ఇది షోరూములో కొనుక్కునే కారు కాదు. కంపెనీ కిట్టు పంపించేది. మనం ఓ పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కొని, దాని పై బాడీ తీసేసి, కింది ఫ్లోర్ పాన్‌ని పద్నాలుగుంపావు అంగుళాలు కోసి, మళ్ళీ వెల్డింగ్ చేసి, దాని మీద ఈ బాడీ బిగించుకోవాల్సి వచ్చేది. అంతా ఇంట్లో, షెడ్డులో, ఆదివారాలు జరిగే పని. అయినా ఇదేం బొమ్మ కారు కాదు. 1967లో మేయర్స్, ఆయన మిత్రుడు టెడ్ మాంగెల్స్ కలిసి మెక్సికోలో లాపాజ్ నుంచి టిహువానా వరకు ఎడారి దారిలో 34 గంటల 45 నిమిషాల్లో వచ్చి, అంతకుముందు మోటార్ సైకిళ్ళ పేరిట వున్న రికార్డుని బద్దలుకొట్టారు.

ఇంకేం, సినిమావాళ్ళు వదులుతారా? 1968లోనే ఎల్విస్ ప్రెస్లీ ‘లివ్ ఎ లిటిల్, లవ్ ఎ లిటిల్’లో దీన్ని ఎక్కాడు. 1974లో టెరెన్స్ హిల్, బడ్ స్పెన్సర్ నటించిన ఇటలీ సినిమా ‘వాచ్ అవుట్, వియ్ ఆర్ మ్యాడ్’ కథంతా ఓ ఎర్ర బగ్గీ చుట్టూనే తిరుగుతుంది. అది మ్యాంక్స్ కాదు, పూమా అనే మరో రకం. అప్పటికే ఎక్కడపడితే అక్కడ ఇలాంటి బగ్గీలు తయారయ్యేవి. తన డిజైన్‌ని కాపీ కొడుతున్నారని మేయర్స్ కోర్టుకెళ్ళి ఓడిపోయాడు. 1971లో కంపెనీ మూతపడింది. ఆయన 2021లో, 94వ ఏట కన్నుమూశాడు.

నాలుగు రివర్స్ గేర్లు!

మరి మెక్వీన్ కారుకి అంత దూకుడు ఎక్కడిది? మామూలు బగ్గీలో బీటిల్ ఇంజనే వుంటుంది, యాభై హార్స్ పవర్ వస్తే గొప్ప. మెక్వీన్ బగ్గీలో దాన్ని పీకేసి షెవర్లే కార్వెయిర్ ఇంజన్ పెట్టారు. ఆరు సిలిండర్లు, 2.7 లీటర్లు. తెర మీద మనకి వినిపించే గర్జన దానిదే. ఆ బగ్గీని 2020లో వేలం వేస్తే 4,56,000 డాలర్లు పలికింది!

ఇక్కడో తమాషా వుంది. కార్వెయిర్ ఇంజన్ తిరిగే దిక్కు బీటిల్ ఇంజన్‌కి వ్యతిరేకం. దాన్ని తీసుకొచ్చి ఉన్నదున్నట్టు బీటిల్ గేర్ బాక్సుకి బిగిస్తే ఏమవుతుందో తెలుసా? బండికి నాలుగు రివర్స్ గేర్లు, ఒక్కటే ముందుకెళ్ళే గేరు! అందుకని గేర్ బాక్సు విప్పి లోపల క్రౌన్ వీల్‌ని రెండో వైపుకి తిప్పి బిగించేవాళ్ళు. లేదంటే ఇంజన్‌నే ఎదురు తిరిగేలా మార్చుకోవాలి.

ఇంజన్ మార్చడం మనకీ కొత్త కాదు. పెట్రోలు ధర భరించలేక అంబాసిడర్లకి డీజిల్ ఇంజన్లు బిగించి టాక్సీలు తిప్పిన రోజులు మన పెద్దవాళ్ళకి గుర్తే. కాకపోతే అది బతుకు తెరువు. మా అన్నయ్యది పిచ్చి!

అన్నయ్య షెడ్డులో

మా పెద్దమ్మ కొడుకు లాస్ ఏంజెలిస్‌కి గంట దూరంలో వుంటాడు. కంప్యూటర్ ఉద్యోగం. ఆమధ్య నేను వెళ్ళేసరికి షెడ్డులో ఓ పసుప్పచ్చ బగ్గీ వుంది. మ్యాంక్స్‌కి కాపీ. వీధి చివర వుండే ఓ ముసలాయన కుర్రతనంలో, 1965 బీటిల్ మీద సొంత చేతుల్తో కట్టుకున్నదిట. మోకాళ్ళు సహకరించక అన్నయ్యకి అమ్మేశాడు.

“దీని పాత ఇంజన్‌తో ఇక్కడి హైవే ఎక్కితే లారీలు కూడా హారన్ కొడుతున్నాయిరా,” అన్నాడు అన్నయ్య. అందుకని 1990ల నాటి సుబారు లెగసీ కారులోంచి తీసిన 2.2 లీటర్ల ఇంజన్ కొనుక్కొచ్చాడు. సుమారు 130 హార్స్ పవర్. అంటే పాతదానికి రెండున్నర రెట్లకి పైనే!

సుబారే ఎందుకంటే, దాని సిలిండర్లు కూడా బీటిల్‌లో లాగే ఇటు రెండు, అటు రెండు పడుకుని వుంటాయి. తిరిగే దిక్కు కూడా ఒకటే, క్రౌన్ వీల్ గొడవ లేదు. ఇంజన్‌కీ గేర్ బాక్సుకీ మధ్య ఓ అడాప్టర్ ప్లేటు, తగిన ఫ్లైవీలు, క్లచ్చి వేస్తే రెండూ వియ్యమందుకుంటాయి.

“అయితే రెండు ఆదివారాల పనేగా?” అన్నాను అమాయకంగా.

“ఎనిమిది నెలలయింది!” అంది వదిన వంటింట్లోంచి.

బీటిల్ ఇంజన్ గాలితో చల్లబడుతుంది. సుబారుకి నీళ్ళు కావాలి. కాబట్టి రేడియేటర్ ముందు పెట్టి, బండి పొడుగునా గొట్టాలు వెయ్యాలి. పాతదానికి కార్బురేటర్. దీనికి కంప్యూటర్, సెన్సార్లు, ఎక్కువ ప్రెషర్ ఇచ్చే ఎలక్ట్రిక్ పెట్రోలు పంపు. సుబారు వైరింగ్ మొత్తం టేబుల్ మీద పరిచి, ఏసీవీ డోర్లవీ ఏరి పారేసి, ఇంజన్‌కి అవసరమైన తీగలే మిగుల్చుకోవాలి. ఆ తీగల మూట చూస్తే నాకు సేమియా పాయసం గుర్తొచ్చింది. ఆయిల్ చాంబర్ మరీ కిందకి వేలాడుతోందని, రాయి తగిలితే పగులుతుందని, దాన్ని కోసి పొట్టిది చేయించాడు.

“ఆ డబ్బుతో పిల్లదానికి రెండేళ్ళ ఫీజు కట్టొచ్చు. నువ్వయినా చెప్పవయ్యా!” అంది వదిన. నేనేం చెప్తాను? నా చేతికీ అప్పటికే గ్రీజు అంటుకుంది!

ఆ ఒక్క ప్రశ్న

ఓ శనివారం ఇంజన్ మొదటిసారి స్టార్టయింది. చప్పుడు విని ముసలాయన కర్ర పట్టుకుని మెల్లగా వచ్చాడు. తన ఇంజన్ తీసేశారని బాధపడతాడేమో అనుకున్నాను. అదేం లేదు. బండి చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, ఒకే ఒక్క మాట అడిగాడు.

“బ్రేకులు మార్చావా?”

“తర్వాత మారుస్తాను. ఇవాళ వీధి చివరిదాకానే,” అన్నాడు అన్నయ్య.

ఆయన తల అడ్డంగా వూపి వెళ్ళిపోయాడు. నేను సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను.

అన్నయ్య ఏక్సిలరేటర్ తొక్కాడు. నా తల వెనక్కి వెళ్ళి సీటుకి కొట్టుకుంది. నిజం చెప్తున్నాను, ఆ క్షణాన నేనే మెక్వీన్‌ని! అన్నయ్య చిన్నపిల్లాడిలా అరుస్తున్నాడు. స్పీడోమీటర్ ముల్లు యాభై మైళ్ళు దాటింది. ఎదురుగా స్టాప్ బోర్డు.

బ్రేకు తొక్కాడు. వెనక బరువు పెరిగి ముందు తేలికైపోయిన బండి... ముందు చక్రాలు పట్టేసి జారిపోయాయి. స్టీరింగ్ తిప్పినా బండి తిరగలేదు. నిటారుగా వెళ్ళి, గీత దాటి, నాలుగు రోడ్ల కూడలి మధ్యలో ఆగింది. కుడివైపు నుంచి వస్తున్న కారు మాకు రెండు గజాల దూరంలో కీచుమంటూ నిలబడింది. అందులో ఓ తల్లి. వెనక సీట్లో పసిబిడ్డ.

ఆవిడ తిట్టలేదు. అలా చూసిందంతే. తిట్టినా బాగుండేది.

తిరుగు ప్రయాణంలో అన్నయ్య మాట్లాడలేదు. నడిచే వేగంతో బండిని షెడ్డులోకి తెచ్చి, తాళం చెవి తీసి వదిన చేతిలో పెట్టాడు. “బ్రేకులు మార్చేదాకా ఇది నీ దగ్గర వుంచు.” వదిన ఎందుకని అడగలేదు. మా మొహాలు చూస్తే తెలుస్తూనే వుంది.

ఆ సాయంత్రం ఇద్దరం ముసలాయన ఇంటికెళ్ళాం. ఆయన కాయితం తీసుకుని వివరంగా చెప్పాడు. 1965 బీటిల్‌కి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. పైగా మాస్టర్ సిలిండర్‌లో ఒక్కటే సర్క్యూట్. ఎక్కడ ఫ్లూయిడ్ కారినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. నలభై హార్స్ పవర్ బండికోసం చేసిన ఏర్పాటు అది. దానికి 130 తగిలిస్తే, తప్పు ఇంజన్‌ది కాదు, బిగించినవాడిది!

తెర మీద హీరో స్టీరింగ్ పట్టుకుంటాడు. ఆ బండిని అలా తొక్కడానికి తగినట్టు సిద్ధం చేసిన మెకానిక్కులు మనకి కనపడరు. ఇంజన్ ఒక్కటే మారిస్తే సరిపోదు. గేర్ బాక్సు, బరువు, చల్లదనం, చివరికి బ్రేకు... అన్నిటినీ ఒప్పించాలి. ఇక్కడ పాత బైకులకి పెద్ద ఇంజన్లు వేయించుకోవాలని మోజుపడే తమ్ముళ్ళు కూడా మెకానిక్‌ని ముందడగాల్సింది ముసలాయన అడిగిన ప్రశ్నే!

నేను తిరిగొచ్చేసిన మూడు నెలలకి ఫోనుకి ఓ వీడియో వచ్చింది. ఖాళీ మైదానం. నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్. పసుప్పచ్చ బగ్గీ వస్తుంది, ఆగుతుంది. మళ్ళీ వస్తుంది, మళ్ళీ ఆగుతుంది. పక్క సీట్లో ముసలాయన, ఒళ్ళో చేతికర్ర. వెనకనుంచి వదిన గొంతు వినిపిస్తోంది: “ఇంకోసారి!”

ఇసుక లేదు, సముద్రం లేదు, దూకుడు లేదు. అయినా మెక్వీన్ సీను కన్నా ఎక్కువసార్లు చూశాను!