ఆగగలిగే వేగం

త్రోయ నుండి అస్సు పట్టణానికి పౌలు బృందమంతా ఓడలో బయల్దేరింది. పౌలు మాత్రం ఓడ ఎక్కలేదు. తాను కాలినడకన వస్తానని ముందే ఏర్పాటు చేసుకున్నాడు (అపొ.కా. 20:13). రెండు ఊళ్ల మధ్య నేలదారి దాదాపు 30 కిలోమీటర్లు. ముందురోజు రాత్రంతా తెల్లవారేదాకా ప్రసంగించి అలసిపోయిన మనిషి, హాయిగా ఓడలో కూర్చుని వెళ్లే అవకాశాన్ని వదులుకుని ఎందుకు నడిచాడు? లూకా ఆ కారణం రాయలేదు. కానీ సువార్త కోసం సముద్రాలు దాటిన అపొస్తలునికి కూడా అప్పుడప్పుడూ నెమ్మదైన దారి అవసరమైందని మాత్రం ఆ ఒక్క వచనంతో మనకు అర్థమవుతుంది.

ఈ వచనాన్ని ధ్యానిస్తూ గత శ్రమకాలంలో మరిపెడలో మా సంఘస్తులం పదకొండు మందిమి ఒక తీర్మానం చేసుకున్నాం. నెల రోజులపాటు ఐదారు కిలోమీటర్ల లోపు పని ఏదైనా సరే, మోటారు బండి తీయకుండా సైకిల్ మీదే వెళ్లాలి. కిరాణా సామాను, పాలు, గిర్నికి గోధుమలు, రేషన్ బియ్యం, పిల్లల బడి, మందుల షాపు, మునిసిపాలిటీ ఆఫీసు, సాయంత్రం ప్రార్థన కూటం, అన్నీ సైకిల్ మీదే. దూరమైతే బస్సు, ప్రాణం మీదికి వస్తే ఏ వాహనమైనా సరే అనుకున్నాం. ఇది పుణ్యం సంపాదించుకునే వ్రతం కాదు. రక్షణ కృప వల్లనే గాని మన కాళ్ల సత్తువ వల్ల కాదు కదా! మన దైనందిన జీవితపు వేగాన్ని కొన్నాళ్లు తగ్గించి చూస్తే ప్రభువు ఏం చూపిస్తాడో తెలుసుకోవాలన్నదే మా ఆశ.

మొదటి వారం మోకాళ్లు, అరచేతులు, నడుము నొప్పి పెట్టాయి. అంతకన్నా ఎక్కువగా మాటలు నొప్పి పెట్టాయి. ‘ఏమైంది సారూ, బండి అమ్ముకున్నరా?’, ‘అప్పులైనయా ఏంది?’ అని ఎదురైన వాళ్లంతా అడిగారు. మాలో ఒక ఉపాధ్యాయుణ్ణి చూసి ఆయన విద్యార్థులే నవ్వారు. ఒకప్పుడు సైకిల్ ఎంత గొప్ప వస్తువు! 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ దాదాపు సమానమైన రెండు చక్రాల సైకిల్ తయారుచేశాడు. 1888లో డన్లప్ గాలి టైరుకు పేటెంట్ పొందాడు. మన ఊళ్లకు వచ్చేసరికి అది దొరల వాహనం, ఆ తర్వాత ఉద్యోగస్తుల వాహనం. పెళ్లికొడుకులు వాచీ, రేడియోతోపాటు సైకిల్ కూడా కట్నంగా అడిగిన రోజులు మన పెద్దలకు గుర్తున్నాయి. గంటకింత అని అద్దె సైకిల్ తెచ్చుకుని, సీటు అందక కడ్డీ సందులోంచి కాలుపెట్టి తొక్కిన బాల్యం ఎందరిదో! ఇప్పుడు అదే సైకిల్ లేనివారి గుర్తుగా మిగిలింది. తెల్లవారుజామున మిరప చేలకు వెళ్లే కూలీలు, ఊరూరా తిరిగి బట్టలు, ప్లాస్టిక్ సామాన్లు అమ్మేవాళ్లు, వాచ్‌మన్ డ్యూటీ దిగి ఇంటికి వెళ్లే ముసలివాళ్లు మాత్రమే దాన్ని తొక్కుతున్నారు. 2020 లాక్‌డౌన్‌లో బీహారుకు చెందిన ఒక బాలిక గాయపడిన తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని గురుగ్రామ్ నుండి సుమారు 1200 కిలోమీటర్లు తొక్కి సొంతూరు చేర్చింది. లోకం ఆమెను మెచ్చుకుంది, కానీ అంత దూరం తొక్కాల్సి రావడం ఆమె ఎంపిక కాదు.

మేమైతే మా ఇష్టంతో ఎక్కాం, నెల తర్వాత దిగిపోవచ్చు. ఈ తేడా మేము మరచిపోకూడదని మొదటి ఆదివారమే మాట్లాడుకున్నాం. అయినా ఆ చూపులు, ఆ మాటలు మాకు మేలే చేశాయి. రాజైన యేసు యెరూషలేములో ప్రవేశించడానికి గుర్రాన్ని కోరలేదు. జెకర్యా ప్రవచించినట్లే (జెకర్యా 9:9) గాడిదనెక్కి, అదీ అడిగి తెచ్చుకున్న గాడిదనెక్కి వచ్చాడు. మట్టల ఆదివారం రోజు మనం కొమ్మలు పట్టుకుని పాడుకుంటాం. కానీ గాడిదనెక్కిన వాడికి ఆ వీధిలో ఎలాంటి చూపులు ఎదురయ్యాయో ఎప్పుడైనా ఆలోచించామా? మర్యాద అంతా మనం ఎక్కిన వాహనంలో ఉందనుకునే లోకంలో దీనత్వం ఒక వేదపాఠంలా కాక, ఒళ్లు అలవాటు పడాల్సిన పనిగా మాకు నేర్పించింది ఆ సైకిలే!

ఇక ఆ నెలలో మేము నేర్చుకున్న అసలు పాఠం వేగం గురించి. మనిషి గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడుస్తాడు. సైకిల్ పన్నెండు, పదిహేను పోతుంది. మోటారు బండి యాభై దాటుతుంది. సైకిల్ వేగంలో ఒక ప్రత్యేకత ఉంది. ఎదుటి మనిషి ముఖం కనిపిస్తుంది, ‘బాగున్నరా?’ అంటే జవాబు వినిపిస్తుంది, కాలు నేలమీద ఆనిస్తే చాలు ఆగిపోతుంది. నడిచేవాళ్లు తోడు దొరికితే దిగి, సైకిల్ నడిపించుకుంటూ వారితో మాట్లాడుతూ వెళ్లవచ్చు. ఐతియొపీయుడైన నపుంసకుని రథం పక్కన ఫిలిప్పు పరుగెత్తాడు, అతడు యెషయా గ్రంథం చదవడం విన్నాడు (అపొ.కా. 8:30). ఆ రథం పక్కన మనిషి పరుగెత్తగలిగే వేగంలో ఉంది కాబట్టే ఆ సంభాషణ జరిగింది, ఆ బాప్తిస్మం జరిగింది. ఎమ్మాయు దారిలో పునరుత్థానుడైన ప్రభువు ఇద్దరు శిష్యులను నడకలోనే కలుసుకున్నాడు (లూకా 24:15). యెరికో పొలిమేరలో గుడ్డివాడైన బర్తిమయి కేక వేసినప్పుడు యేసు చేసిన మొదటి పని స్వస్థపరచడం కాదు, ఆగడం (మార్కు 10:49).

మూడో వారంలో ఒక మధ్యాహ్నం మాలో ఇద్దరు గిర్ని నుంచి తిరిగి వస్తుండగా, మిరప కల్లం గట్టున ఒంటరిగా కూర్చున్న ఒక కౌలు రైతు కనిపించాడు. మా సంఘస్తుడు కాదు, ముఖపరిచయం మాత్రమే. ఎండలో దాహమేసి నీళ్లు అడగడానికి ఆగారు. నీళ్లిచ్చాడు. తర్వాత మాట కలిసింది. మన ప్రాంతపు మిరప రైతుకు 2021 చివర్లో వచ్చిన నల్ల తామర పురుగు ఒక పీడకల. ఆనాటి నష్టం నుండి అతడు తేరుకోనేలేదు. కౌలు, విత్తనం, మందులు, కూలి, అన్నీ అప్పే. కల్లంలో ఎండుతున్న కాయ ఆ అప్పులో సగానికీ సరిపోదని చెప్పాడు. ఇంట్లో భార్యకు అసలు లెక్క తెలియదట. గంటసేపు మాట్లాడాడు. మావాళ్లు పెద్దగా ఏమీ చెప్పలేదు, విన్నారు. లేచేటప్పుడు అతడు అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘రేపు గూడ ఇటే వస్తరా?’

ఆ ప్రశ్నలో ఏముందో మావాళ్లకు అర్థమైంది. వస్తామన్నారు, వెళ్లారు. ఆ మర్నాడూ వెళ్లారు. నాలుగో రోజు సంఘపెద్దలు కూడా వెళ్లి, అతని భార్యను కూర్చోబెట్టి లెక్కంతా ముందు పెట్టారు. అప్పు తీరిపోయిందని చెప్పడానికి లేదు, ఇంకా ఉంది. కానీ ఆ ఇంట్లో ఆ బరువు ఒక్క మనిషి మీద లేదు. అప్పిచ్చిన వ్యక్తి దగ్గరికి పెద్దమనుషులుగా వెళ్లి గడువు అడిగారు, ఇచ్చాడు. రైతు ఆత్మహత్యల వార్తలు ఈ పేజీలు చదివేవారికి కొత్త కాదు. అలాంటి ప్రతి వార్త వెనకా ఎవరూ ఆగని ఒక గట్టు ఉండి ఉంటుందేమో!

ఈ నేలకు నెమ్మదైన పరిచర్య కొత్త కాదు. మరిపెడ నేడున్న మహబూబాబాద్ జిల్లాలోనే దోర్నకల్ ఉంది. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో మిషనరీగా దోర్నకల్ వచ్చి, తన మాతృభాష కాని తెలుగు నేర్చుకుని మన పల్లెల్లో తిరిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. బిషప్ అయ్యాక కూడా ఆయన ఎడ్లబండిలో ఊరూరా వెళ్లి, గుడారాలు వేసుకుని పేదల మధ్య ఉన్నారు. కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని పౌలు మాటల్లో చెప్పించేవారు. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించారు. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కేథడ్రల్‌ను ఇవాళ కార్లలో వెళ్లి చూస్తున్నాం. కానీ దాని వెనకున్న సంఘం ఎడ్లబండి వేగంతో కట్టబడిందని గుర్తుంచుకోవాలి. ఆ తర్వాతి తరాల్లో ఎందరో గ్రామ ఉపదేశకులు హ్యాండిల్‌కు బైబిల్ సంచీ తగిలించుకుని సైకిళ్ల మీదే ఊళ్లు తిరిగారు. హాలెండులో యూదులను దాచిన కారీ టెన్ బూమ్ కూడా నాజీల ఆక్రమణ రోజుల్లో చేయాల్సిన సాయం కోసం సైకిల్ మీదే తిరిగింది.

మా దారిలో మరో స్థలం ఉంది. 2024 సెప్టెంబరు 1న కురిసిన కుండపోత వానకు ఆకేరు వాగు పొంగి, పురుషోత్తమాయగూడెం వంతెన దగ్గర కారుతో సహా తండ్రీకూతుళ్లు కొట్టుకుపోయి మరణించారు. సీతారాం తండా నీట మునిగింది. బండి మీద ఆ వంతెన దాటడానికి కొన్ని క్షణాలే పడుతుంది. సైకిల్ మీద వెళ్తే కింద నీళ్లు కనిపిస్తాయి, ఆ తెల్లవారుజాము గుర్తొస్తుంది. అందుకే మాలో అటు వెళ్లిన ప్రతివారూ అక్కడ దిగి, ఆ కుటుంబం కోసం, తండావాసుల కోసం ఒక్క నిమిషం ప్రార్థించారు. ఎవరూ నియమం పెట్టలేదు, దానంతటదే అలవాటైంది.

మా పదకొండు మందిలో నలుగురు అక్కచెల్లెళ్లు. అందులో ఒకామె నలభై ఏళ్లు దాటాక ఆ నెలలోనే బడి మైదానంలో సైకిల్ నేర్చుకుంది. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల తొలినాళ్లలో అరివొళి అక్షరాస్యతా ఉద్యమంతోపాటు లక్షకు పైగా గ్రామీణ మహిళలు సైకిల్ నేర్చుకున్నారని పాత్రికేయుడు పి.సాయినాథ్ రాశారు. ఎవరి కోసమూ ఎదురుచూడకుండా పనికి, నీళ్లకు, ఆసుపత్రికి వెళ్లగలగడం వారికి స్వాతంత్ర్యమైంది. మా సోదరి మాటల్లో చెప్పాలంటే, ‘ఇప్పుడు ప్రార్థనకు పోవాల్నంటే ఎవరినీ అడుక్కునే పని లేదు.’

కష్టాలూ చెప్పాలి. వరంగల్-ఖమ్మం జాతీయ రహదారి మీద లారీల పక్కన సైకిల్ తొక్కడం ప్రమాదం. మేము ఊరిలోపలి దారులే వాడాం. చీకటి పడితే వెనక ఎర్ర రిఫ్లెక్టరు, ముందు లైటు తప్పనిసరి చేసుకున్నాం. పదకొండు తర్వాత వీలైనంతవరకు ఎండలో తొక్కలేదు. గుండెజబ్బు, మోకాళ్ల జబ్బు ఉన్నవారిని రమ్మని బలవంతం చేయలేదు. పెట్రోలు మిగులు మనిషికి ఐదారు వందల రూపాయలే అయింది. వంట పొయ్యి మీద పెట్టేముందు పిడికెడు బియ్యం దేవునికి తీసిపెట్టే తల్లుల్లా, మేము కూడా ఆ సొమ్ము పక్కన పెట్టి, దాంతో రెండు పాత సైకిళ్లు బాగుచేయించి దూరం నుంచి బడికి నడిచివచ్చే ఇద్దరు ఆడపిల్లలకు ఇచ్చాం.

ప్రియ చదువరీ, అందరూ బండ్లు అమ్మేయాలని మేము చెప్పడం లేదు. వేగం పాపం కాదు, ప్రాణం కాపాడే అంబులెన్సు కూడా వేగంగానే పోవాలి. కానీ ఎప్పుడూ ఆగలేని వేగం ఒక బంధకం. యెరికో దారిలో యాజకుడూ లేవీయుడూ గాయపడినవాణ్ణి చూశారు, పక్కనుండి వెళ్లిపోయారు. సమరయుడు ఆగాడు, గాయాలు కట్టాడు, తన వాహనాన్నే అతనికిచ్చాడు (లూకా 10:34). వారంలో ఒక్క పని, పాలకో కూరగాయలకో వెళ్లే ఒక్క దారి నెమ్మదిగా వెళ్లి చూడండి. ఇంట్లో మూలన తుప్పు పడుతున్న సైకిల్‌కు గాలి కొట్టించండి. అదీ లేకపోతే కాళ్లున్నాయి. మీ ఇంటికీ మీ దుకాణానికీ మధ్య ఏదో ఒక గట్టున ఎవరో కూర్చుని ఉన్నారు. రేపు కూడా ఇటే వస్తారా అని అడగడానికి ఆ మనిషికి ముందు మీరు ఆగడం కావాలి. దారిన పోతూ ఆగిన ప్రభువు మనకూ ఆ కృప అనుగ్రహించును గాక!