పొరుగువారికి మన నుండి భద్రత ఉన్నదా?

ఇల్లు మారబోతున్నామని తెలిసినప్పుడు బంధుమిత్రులందరూ మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: "అక్కడ దొంగతనాలు ఎక్కువట కదా, మీకు భద్రత ఉంటుందా?" అద్దె ఎంతని కూడా అంతమంది అడగలేదు. మేము వెళ్ళి చేరటం వలన అక్కడివారికి ఏమవుతుందని మాత్రం ఒక్కరూ అడగలేదు. నిజం చెప్పాలంటే ఆ ఆలోచన మాకూ రాలేదు. ఇరవై ఏళ్ళకు పైగా మదరసాలో పొరుగువారి హక్కులను బోధించిన మాకు, ఆ ప్రశ్న తట్టడానికి ఇంట్లో ఒక చిన్న సైకిలు కనిపించకుండా పోవలసివచ్చింది.

సరాయి పక్కన కొత్త మేడలు

అంతకుపూర్వం మేము మదరసా ఆవరణలో ఉపాధ్యాయులకు ఇచ్చే గదులలోనే కాపురం ఉండేవాళ్ళము. పెద్దబ్బాయి ఉద్యోగం రాయదుర్గానికి మారటంతో 2022 వేసవిలో హైదరాబాదు షేక్‌పేటలో ఒక ఫ్లాటు అద్దెకు తీసుకున్నాము. షేక్‌పేట కొత్తగా పుట్టిన కాలనీ కాదు. గోల్కొండ కోటకు, కుతుబ్‌షాహీ సమాధులకు చేరువలో, ఆ సుల్తానుల కాలంలో బాటసారుల విడిది కోసం కట్టిన సరాయి, దానితోపాటు మసీదు నేటికీ అక్కడ నిలిచి ఉన్నాయి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి నగరం ఈ వైపుకు పెరుగుతూ వచ్చింది. 2019లో మెట్రో రైలు రాయదుర్గం దాకా వచ్చింది. 2022 జనవరి 1న సుమారు 2.8 కిలోమీటర్ల పొడవైన షేక్‌పేట ఫ్లైఓవర్ తెరుచుకున్నది. దారి సుగమమైనకొద్దీ నేల ధర పెరిగింది. నేల ధర పెరిగినకొద్దీ రేకుల ఇళ్ళు పోయి అపార్టుమెంట్లు లేచాయి.

మా వీధి కూడా అలాంటిదే. మొదట్లో అయిదంతస్తుల మా భవనం. దాని ఎదుట పాత పెంకుటిల్లు. అటుపైన వరుసగా రేకుల ఇళ్ళు, కట్టేసిన మేకలు, వెల్డింగు షాపు, చివర మసీదు. మా భవనం ఉన్న చోట ఒకప్పుడు నాలుగు కుటుంబాలు ఉండేవని తర్వాత తెలిసింది. వారెక్కడికి వెళ్ళారని మేము అడగలేదు.

సామాను దించిన రోజున కరెంటు లేక లిఫ్టు ఆగిపోయింది. పిలవకుండానే నలుగురు కుర్రవాళ్ళు వచ్చి బీరువాను మూడో అంతస్తుకు మోశారు. డబ్బు ఇవ్వబోతే, "మౌల్వీ సాబ్, పొరుగువాళ్ళ దగ్గర కూలి తీసుకుంటామా?" అని నవ్వి వెళ్ళిపోయారు. ఎదుటి పెంకుటింటిలో అద్దెకుండే వృద్ధురాలు ఫ్లాస్కు నిండా చాయ్, ఒక గిన్నెలో బగారా అన్నం పంపారు. వీధిలో అందరూ ఆమెను ఖాలా అనే పిలుస్తారు. మూలన ఇస్త్రీ బండి పెట్టుకున్న సోదరుడు హైందవుడు. "ఇంటి తాళం ఎప్పుడైనా నా దగ్గర ఉంచి పోవచ్చు సార్, ఇక్కడ సగం వీధి తాళాలు నా దగ్గరే ఉంటాయి" అన్నాడు. మేము ధన్యవాదాలు చెప్పాము. తాళం మాత్రం జేబులోనే ఉంచుకున్నాము.

భయం అబద్ధం కాదు

బంధువుల హెచ్చరికలు పూర్తిగా నిరాధారం కావు. వచ్చిన రెండు నెలల్లో సెల్లారులోని బైకుల నుండి రెండుసార్లు పెట్రోలు తీశారు. బస్సు దిగి నడిచి వస్తున్న మా కోడలి చేతిలోని ఫోనును బైకుపై వచ్చిన ఇద్దరు లాక్కుపోయారు. ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు. ఇటువంటి వాటిని "అల్లాహ్ మీద భారం వేయండి" అని ఒక్క మాటతో కొట్టిపారేయటం ధర్మం కాదు. ఒంటెను కట్టివేసిన తర్వాతనే అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) ఒక పల్లెవాసికి బోధించారు. రాత్రివేళ అల్లాహ్ పేరుతో తలుపులు మూయమని, దీపాలు ఆర్పమని కూడా ఆయన ఆదేశించారు. జాగ్రత్త అవిశ్వాసం కాదు.

కనుక ఫిర్యాదు చేశాము.  స్త్రీలను వేధించేవారిపై 2014 నుండి నగరంలో షీ టీమ్స్ పనిచేస్తున్నాయని, ఆపదలో 100కు గానీ 112కు గానీ ఫోను చేయాలని ఇంటిలోని ఆడపిల్లలకు చెప్పి ఉంచాము. మా భవనంవారు సెల్లారులో సీసీ కెమెరాలు పెట్టించారు. ఇంతవరకు అంతా సబబే. తప్పు ఆ తర్వాత జరిగింది.

ఒక సంచి, ఒక వీడియో

ఒక ఆదివారం ఉదయం మా మనవడి సైకిలు సెల్లారులో కనిపించలేదు. కెమెరా చూశారు. రేకుల ఇళ్ళలో ఉండే ఒక ఆటో డ్రైవరు కొడుకు, పద్నాలుగేళ్ళవాడు, ముందురోజు సాయంత్రం చేతిలో సంచితో లోపలికి రావటం, కొద్దిసేపటికి వట్టి చేతులతో వెళ్ళిపోవటం కనబడింది. సైకిలును ఎలా తీసుకుపోయాడో అందులో లేదు. అయినా ఆ వీడియో "ఇతడిని గమనించండి" అన్న మాటతో భవనంవారి వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. అక్కడి నుండి మరో రెండు గ్రూపులకు పాకింది. చివరకు ఆ మాట "దొంగ" అయింది.

గ్రూపులో ఒకరు మమ్మల్ని అడిగారు: "మౌలానా గారూ, మీరేమంటారు?" ఆ పిల్లవాడు మగ్రిబ్ నమాజులో రోజూ మా వెనుక వరుసలో నిలబడేవాడు. "విచారించకుండా ఏమీ అనవద్దు" అని మేము వ్రాయవలసింది. "జాగ్రత్తగా ఉండటం మంచిదే" అని వ్రాశాము. సైకిలు మా ఇంటిది కావటం వలన ఆ మాటకు సాక్ష్యమంత బరువు వచ్చింది. ఆ రోజు నుండి పిల్లవాడు మసీదుకు రాలేదు.

మూడవ రోజున సైకిలు దొరికింది. సెల్లారు కడిగేటప్పుడు వాచ్‌మన్ దానిని జనరేటరు గదిలో పెట్టి మరచిపోయాడు. మరి సంచి? అందులో ఉన్నది మా ఇంటి టిఫిన్ క్యారియరే. అంతకు రెండు రోజుల ముందు మా ఇంటి నుండి వారికి కూర పంపారు. పిల్లవాడు ఆ గిన్నెలు తిరిగి ఇవ్వటానికి వచ్చి, వాచ్‌మన్ చేతికిచ్చి వెళ్ళాడు. క్యారియరు అప్పటికే మా వంటగదిలో ఉన్నది.

విశ్వాసులు అధికమైన అనుమానాలకు దూరంగా ఉండాలని, కొన్ని అనుమానాలు పాపమని, ఇతరుల లోపాలు వెదకరాదని దివ్య ఖుర్ఆన్ (49:12) ఆదేశిస్తున్నది. తెచ్చిన వార్తను విచారించకపోతే తెలియక ఒక జనసమూహానికి కీడు చేసి, పిదప పశ్చాత్తాపపడవలసి వస్తుందని అదే సూరాలో (49:6) హెచ్చరిక ఉన్నది. ఒకరి గురించి చాటున చెప్పినది నిజమైతే అది పరోక్షనింద, అబద్ధమైతే అపనింద అని దైవప్రవక్త (స) వివరించారు. ఇవన్నీ మేము విద్యార్థులచేత కంఠస్థం చేయించిన పాఠాలే.

ఆ రాత్రి ఇషా తర్వాత పెద్దబ్బాయిని వెంటబెట్టుకొని వారింటికి వెళ్ళాము. పిల్లవాడి తండ్రి మంచం వేసి కూర్చోబెట్టాడు. మా మాట శాంతంగా విన్నాడు. తర్వాత అన్నాడు: "మౌల్వీ సాబ్, మీరు మా గడప దాకా వచ్చారు, నా మనసులో ఏమీ లేదు. కానీ ఆ వీడియో ఎన్ని ఫోన్లలో ఉందో మీకు తెలుసా? ఈ క్షమాపణ ఎన్ని ఫోన్లలోకి వెళ్తుంది?"

ఆ ప్రశ్నకు మా దగ్గర సమాధానం లేదు. తప్పు ఎంతమంది ఎదుట జరిగిందో దాని దిద్దుబాటు కూడా అంతమంది ఎదుట జరగాలన్నది ధర్మవేత్తల మాట. కనుక అదే గ్రూపులో జరిగినదంతా తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి, తప్పు మాదేనని ఒప్పుకొని, వీడియోను తుడిచివేయమని వేడుకున్నాము. మిగతా గ్రూపులకూ పంపించాము. కొందరు జవాబిచ్చారు, కొందరు ఇవ్వలేదు. పిల్లవాడు నెల తర్వాత మసీదుకు తిరిగి వచ్చాడు. మా వెనుక వరుసలో కాదు, చివరి వరుసలో.

కూఫా నగరపు పొరుగువాడు

ఇమాం అబూ హనీఫా (రహ్మ) జీవితంలోని ఒక సంఘటనను చరిత్రకారులు ఉల్లేఖించారు. కూఫాలో ఆయన పొరుగున ఒక చెప్పులు కుట్టేవాడు ఉండేవాడు. పగలు పని, రాత్రి తాగుడు, తాగిన మత్తులో తనను లోకం పోగొట్టుకున్నదని పాటలు. రాత్రివేళ నమాజు చేసుకునే ఇమాం గారికి ఆ గొంతు రోజూ వినిపించేది. ఒక రాత్రి అది వినిపించలేదు. విచారిస్తే గస్తీవారు పట్టుకుపోయారని తెలిసింది. పీడ విరగడైందని ఆయన అనుకోలేదు. తెల్లవారగానే స్వయంగా పాలకుని వద్దకు వెళ్ళి అతడిని విడిపించారు. దారిలో, "నిన్ను మేము పోగొట్టుకున్నామా?" అని అడిగారు. లేదు, కాపాడుకున్నారని అతడు బదులిచ్చి, తాగుడు మానివేశాడని చెబుతారు.

అక్కడ తప్పు నిజంగా ఉన్నది. అయినా ఇమాం గారు పొరుగువాడిని వదులుకోలేదు. మా వీధిలో తప్పే లేదు. అయినా మేము పొరుగువాడి బిడ్డను వదులుకున్నాము.

షుఫా అధ్యాయం మాకు నేర్పినది

హనఫీ ధర్మశాస్త్ర గ్రంథమైన హిదాయాలో షుఫా అనే అధ్యాయం ఉన్నది. స్థిరాస్తి అమ్మకానికి వచ్చినప్పుడు దానిని కొనే మొదటి హక్కు ఎవరిదన్నది అందులోని విషయం. మొదట ఆస్తిలో భాగస్వామికి, తర్వాత దారి, నీరు వంటి హక్కులలో భాగస్వామికి, ఆ తర్వాత గోడ పక్కన ఉండే పొరుగువాడికి. కడపటి హక్కును తక్కిన మూడు మజ్‌హబ్‌ల వారు అంగీకరించరు. హనఫీ ధర్మవేత్తలు దీనికి చెప్పే హేతువు ఏమిటంటే, కొత్తగా వచ్చి చేరేవాడి వలన పాతవాడికి కలగగల కీడును తొలగించటం.

ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ మమ్మల్ని మేము పాత పొరుగువాడి స్థానంలోనే ఊహించుకున్నాము. ఈ వీధికి వచ్చాక తెలిసింది, ఆ అధ్యాయం ఏ కొత్తవాడి గురించి జాగ్రత్తపడమంటున్నదో ఆ కొత్తవాళ్ళము మేమేనని.

ఆ కీడు ఎలా ఉంటుందో చూడండి. మా భవనం బోరు లోతుగా వేసినది. మేము వచ్చిన మరుసటి వేసవిలో ఎదుటి ఇంటి పాత బోరు ఎండిపోయింది. మన గోడ నేల పైననే ఉంటుంది, నేల కింద నీటికి గోడ లేదు. అవసరానికి మించిన నీటిని ఇతరులకు నిరాకరించటాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. ఈ మాట భవనంవారి సమావేశంలో చెప్పినప్పుడు కరెంటు బిల్లు గురించి చర్చ జరిగింది. చివరకు ఉదయం ఒక గంటసేపు వీధిలోకి పైపు వేయటానికి ఒప్పుకున్నారు. బిల్లులో కొంత మేము భరిస్తామన్నాము. అది దానం కాదు, బాకీ తీర్చటం.

తర్వాతి శీతకాలంలో పెంకుటిల్లు అమ్ముడుపోయింది. ఖాలా అందులో పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నారు. కానీ షుఫా హక్కు సొంతదారులకే గానీ అద్దెదారులకు లేదు. ఆమె కోసం ఏ గ్రంథంలోనూ మాకు హక్కు దొరకలేదు. దొరికింది ఒక్క మార్గమే, వెళ్ళి అడగటం. మేము, ఇస్త్రీ సోదరుడు, భవనం నుండి మరో ఇద్దరం కలిసి ఇంటి యజమాని వద్దకు వెళ్ళి, ఆమె మనవరాలి పదవ తరగతి పరీక్షలు అయ్యేదాకా గడువు అడిగాము. ఆయన ఇచ్చారు. పరీక్షలు కాగానే ఖాలా పహాడీషరీఫ్ అవతలకు వెళ్ళిపోయారు. అంతకంటే ఎక్కువ మేము చేయలేకపోయాము.

కొత్త ఇంటికి వెళ్ళే సోదర సోదరీమణులారా!

దివ్య ఖుర్ఆన్ (4:36) బంధువైన పొరుగువాడితోపాటు పరాయి పొరుగువాడిని కూడా పేర్కొని, అందరి పట్ల ఉత్తమంగా మెలగమన్నది. అందులో మతభేదం లేదు, అద్దె సొంతం అన్న భేదం లేదు. ఎవరి కీడు నుండి అతని పొరుగువాడు నిశ్చింతగా ఉండలేడో అతడు విశ్వాసి కాడని దైవప్రవక్త (స) మూడుసార్లు ప్రమాణపూర్వకంగా పలికారు. పొరుగువాడి నుండి మనకు భద్రత ఉన్నదా అని కాదు, మన నుండి అతనికి భద్రత ఉన్నదా అని ఆ హదీసు అడుగుతున్నది.

తాళం వేయండి, కెమెరా పెట్టండి, దీపం వెలిగించండి. కానీ ఎవరి ముఖమైనా గ్రూపులో పెట్టే ముందు వారి గడప తొక్కండి. ఫిర్యాదు ఉంటే పోలీసులకు ఇవ్వండి, వీధికి కాదు. వెళ్ళిన మొదటి వారంలోనే ఇరువైపులా పది ఇళ్ళవారి పేర్లు తెలుసుకోండి. పేరు తెలిసిన పిల్లవాడిని "ఇతడిని గమనించండి" అని వ్రాయటానికి చేయి రాదు. సరుకులలో కొన్నయినా వీధి కొట్టులో కొనండి. కూరలో నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగింటికి పంపమని హజ్రత్ అబూ జర్ర్ (రజి)కు ఇచ్చిన బోధన ధనవంతుల కోసం చెప్పినది కాదు, ఎవరైనా చేయగలిగినది.

ఇప్పుడు మా ఇంటి తాళం ఇస్త్రీ సోదరుని దగ్గర ఉంటున్నది. ఆ పిల్లవాడు మొన్న ఒక సాయంత్రం చివరి వరుస నుండి రెండు వరుసలు ముందుకు వచ్చి నిలబడ్డాడు. మేము వెనుదిరిగి చూడలేదు.

మన చేతి నుండి, నాలుక నుండి, చేతిలోని ఫోను నుండి పొరుగువారికి క్షేమం కలిగేలా చేయమని అల్లాహ్‌ను వేడుకుందాము. ఆమీన్.